నెమ్మది తీగ, పిలవని ఉత్తరం : తొలినాటి తెలుగు ఈమెయిల్ సాహిత్యచర్చల రూపంపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

1990ల నాటి తెలుగు ఈమెయిల్ చర్చాబృందాలను సాహిత్యచరిత్రకారులు సాధారణంగా వాటిలో చర్చించిన విషయాల ద్వారానే గుర్తిస్తారు. ఆ చర్చల రూపాన్ని నిర్ణయించిన రెండు భౌతిక పరిమితులను – నెమ్మదిగా నడిచే టెలిఫోను అనుసంధానాన్ని, అయాచితంగా వచ్చిపడే వాణిజ్యలేఖలను (స్పామ్) – సాంకేతికవిషయాలుగా భావించి పక్కన పెడతారు. ఈ పరిమితులు లిపిని, పంక్తిని, ఉల్లేఖనను, చివరకు సంపాదకత్వాన్ని నిర్ణయించిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. స్పామ్‌ను అడ్డుకోవడానికి ఏర్పడిన కాపలా క్రమంగా సాహిత్యపరమైన అధికారంగా మారిందని, మిగిలిన పాఠాలను పరిష్కరించేవారు ఈ సంగతిని లెక్కలోకి తీసుకోక తప్పదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఈమెయిల్ చర్చాబృందాలు, స్పామ్, ఆర్‌టీఎస్, లిప్యంతరీకరణ, పాఠపరిష్కరణ, సంపాదకత్వం

1. ఉపోద్ఘాతం

తెలుగులో సాహిత్యవివాదానికి పత్రిక తొలి వేదిక. కొక్కొండ వెంకటరత్నం పంతులు ‘ఆంధ్రభాషాసంజీవని’కీ, కందుకూరి వీరేశలింగం 1874లో ప్రారంభించిన ‘వివేకవర్ధని’కీ నడుమ సాగిన వాదప్రతివాదాలు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. పత్రికలో ఖండన వెలువడడానికీ, దానికి ప్రతిఖండన రావడానికీ మధ్య కనీసం ఒక సంచిక వ్యవధి ఉండేది. ఆ వ్యవధిలో సంపాదకుడు కూర్చుని ఉండేవాడు. ఏది అచ్చుకెక్కాలో, ఎంత అచ్చుకెక్కాలో, ఏ వివాదానికి ఎప్పుడు తెర దించాలో అతడే నిర్ణయించేవాడు. వ్యవహారభాషోద్యమం మీద పత్రికలలో జరిగిన చర్చలు ఈ చట్రంలోనే నడిచాయి.

1990లలో అమెరికాలోని విశ్వవిద్యాలయాలలో, పరిశోధనసంస్థలలో ఉన్న తెలుగువారు మొదట ‘సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు’ అనే యూజ్‌నెట్ వార్తాబృందంలోనూ, తరువాత ‘తెలుసా’, ‘రచ్చబండ’ వంటి ఈమెయిల్ చర్చాబృందాలలోనూ సాహిత్యం మాట్లాడుకున్నప్పుడు ఈ చట్రం తెగిపోయింది. రాసినవాడే ప్రచురణకర్త. సంచిక లేదు, సంపాదకుడు లేడు. ఈ స్వేచ్ఛను గురించి అప్పటివారు ఉత్సాహంగా చెప్పుకుంటారు, అందులో తప్పు లేదు. అయితే ఆ స్వేచ్ఛ ఎంతకాలం నిలిచింది, దాన్ని ఏది కుదించింది అనే ప్రశ్నకు సమాధానం కవులలోనో విమర్శకులలోనో కాక, వారికి ఏమాత్రం సంబంధం లేని ఒక వలసవీసా ప్రకటన దగ్గర మొదలవుతుంది. అక్కడికి వెళ్లే ముందు ఉత్తరం నడిచిన దారిని చూడవలసి ఉంది.

2. తీగ వేగం – లిపి నిర్ణయం

ఈమెయిల్‌ను ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి చేరవేసే ఎస్‌ఎంటీపీ నియమావళి 1982లో స్థిరపడింది. అది ఒక్కో అక్షరానికి ఏడు బిట్ల ఆస్కీ సంకేతాలనే గుర్తించేది. అంటే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు మాత్రమే క్షేమంగా గమ్యం చేరేవి. ఇతర భాషల పాఠాన్ని, బొమ్మలను ఈ ఏడు బిట్ల రూపంలోకి మూటకట్టి పంపే ‘మైమ్’ పద్ధతి 1992లో వచ్చింది. తెలుగు అక్షరాలకు యూనికోడ్ 1991లోనే స్థానం కల్పించినా, వాటిని చూపించగల, టైపు చేయించగల సాధనాలు సామాన్య పాఠకునికి అందడానికి మరో దశాబ్దానికి పైగా పట్టింది.

ఈ ఖాళీలో నిలబడింది రైస్ లిప్యంతరీకరణ పద్ధతి. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనందకిశోర్ రూపొందించిన ఈ పద్ధతిని ఆర్‌టీఎస్ అని వ్యవహరిస్తారు. ఇంగ్లీషు చిన్న ‘టి’ త అవుతుంది, పెద్ద ‘టి’ ట అవుతుంది. చిన్న ‘ఎల్’ ల, పెద్ద ‘ఎల్’ ళ. దీర్ఘానికి అచ్చును రెండుసార్లు రాయవచ్చు, లేదా పెద్దక్షరంగా రాయవచ్చు. కొద్దిపాటి అభ్యాసంతో కంటికి అలవాటయ్యే ఈ రాత, తెలుగు లిపి లేని చోట తెలుగు వర్ణక్రమాన్ని పూర్తిగా నిలబెట్టగలిగింది. ఇంగ్లీషులో ఇష్టం వచ్చినట్టు తెలుగు రాసుకునే నేటి ఫోను సందేశాలతో దీన్ని పోల్చడం సరికాదు. అది ఉజ్జాయింపు, ఇది వర్ణానికి వర్ణం సరిపోయే ఒప్పందం.

ఆర్‌టీఎస్‌ను తెలుగు లిపికి తాత్కాలిక ప్రత్యామ్నాయంగా చూసేవారు దాని ఆర్థికాన్ని గమనించరు. ‘తెలుగు’ అనే మాట ఆర్‌టీఎస్‌లో ఆరు అక్షరాలు, ఆరు బైట్లు. అదే మాట యూనికోడ్‌లో ఆరు సంకేతాలే అయినా, ఈమెయిళ్లలో ఇప్పుడు వాడే యూటీఎఫ్-8 రూపంలో ఒక్కో సంకేతానికి మూడు బైట్ల చొప్పున 18 బైట్లు. దాన్ని ఏడు బిట్ల తీగమీద పంపడానికి మైమ్‌లోని ఒక పద్ధతి ప్రకారం మూటకడితే 24 అక్షరాలు, మరొక పద్ధతి ప్రకారం 54 అక్షరాలు అవుతుంది. అదే లేఖను కాగితం మీద రాసి బొమ్మగా పంపితే లెక్క ఇంకా మారుతుంది. ఒక పుట బొమ్మ 100 కిలోబైట్లనుకుంటే, సెకనుకు 9,600 బిట్లు మోసే మోడెమ్ దాన్ని దించుకోవడానికి దాదాపు రెండు నిమిషాలు తీసుకునేది. ఆ నిడివిలోనే ఆర్‌టీఎస్‌లో రాసిన ఉత్తరాలు పదుల సంఖ్యలో దిగేవి.

ఈ 9,600 అనే అంక యాదృచ్ఛికంగా ఎంచుకున్నది కాదు. విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్ 1995 ఆగస్టు 15న భారతదేశంలో ప్రజలకు అంతర్జాలాన్ని తెరిచినప్పుడు ఇంటి టెలిఫోనుకు దక్కిన వేగం అది. సేవ తొలుత మొదలైన నాలుగు మహానగరాలలో హైదరాబాదు లేదు. విద్యార్థులకు చవకగా ఇచ్చిన ఖాతాలు అక్షరాలను మాత్రమే చూపేవి. బొమ్మలకు వాటిలో చోటే లేదు. అదే కాలంలో అమెరికా విశ్వవిద్యాలయాలకు సెకనుకు 15,44,000 బిట్లు మోసే అద్దె తీగలు ఉండడం మామూలు. ఒక తీగను ఒక ప్రాంగణమంతా పంచుకుంటుంది, మరొకటి ఒక్క ఇంటిది. కాబట్టి నూట అరవై రెట్ల ఈ తేడాను యథాతథంగా తీసుకోకూడదు. అయినా చర్చలో ఒకవైపు కూర్చున్నవారికి ఉత్తరం ఉచితం, రెండోవైపు కూర్చున్నవారికి ప్రతి పంక్తికీ టెలిఫోను బిల్లు ఉందన్నది వాస్తవం. ‘అంతర్జాలంలో తెలుగువారందరూ ఒకే అరుగు మీద కూర్చున్నారు’ అనే అర్థం వచ్చేలా రాసే వ్యాసాలలో ఈ బిల్లు కనిపించదు.

3. పంక్తి, పద్యం, ప్రత్యుత్తరం

నెమ్మది తీగ కొన్ని మర్యాదలను కూడా పుట్టించింది. 1995 అక్టోబరులో వెలువడిన అంతర్జాల మర్యాదల పత్రం (ఆర్‌ఎఫ్‌సీ 1855) పంక్తికి 65 అక్షరాలు మించవద్దని, సంతకం నాలుగు పంక్తులు దాటవద్దని, నూరు పంక్తులు దాటిన ఉత్తరాన్ని పెద్ద ఉత్తరంగా శీర్షికలోనే సూచించమని కోరింది. నిమిషాల లెక్కన డబ్బు కట్టి చదివేవారున్నారని గుర్తుచేసింది. ఇవి ఇంగ్లీషు వచనాన్ని దృష్టిలో పెట్టుకున్న నియమాలు. తెలుగు పద్యం వీటికి ఎలా ఒదిగిందన్నది ఛందస్సుకు సంబంధించిన ప్రశ్న.

ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు. ఆర్‌టీఎస్‌లో ఒక్కో తెలుగు అక్షరానికి సగటున రెండున్నర ఇంగ్లీషు అక్షరాలు పడతాయనుకుంటే, పదాల మధ్య ఖాళీలతో కలిపి పాదం 55 దగ్గర ఆగుతుంది. వృత్తపాదం 65 అక్షరాల గీటులో హాయిగా సరిపోతుంది. సీసం సరిపోదు. ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు కలిస్తే పాదానికి 22 నుంచి 30 అక్షరాలు. ఆర్‌టీఎస్‌లో అది తరచుగా గీటు దాటుతుంది. సీసపాదాన్ని రెండు ముక్కలుగా రాసే అచ్చు సంప్రదాయం ముందే ఉన్నందువల్ల, తెలిసి రాసినవారికి ఇబ్బంది లేదు. తెలియనివారి పాదాన్ని యంత్రం విరిచింది. యంత్రానికి యతిస్థానం తెలియదు.

వచనకవిత పరిస్థితి ఇంతకంటె క్లిష్టం. ప్రత్యుత్తరంలో ఇతరుల పంక్తిని ఉటంకిస్తే, ప్రతి పంక్తి మొదట యంత్రం ఒక బాణపుగుర్తును, ఒక ఖాళీని చేరుస్తుంది. ప్రత్యుత్తరానికి ప్రత్యుత్తరం, దానికి మరొకటి – మూడు అంచెలు దాటేసరికి పంక్తికి ఆరు అక్షరాలు అదనం. గీటు దాటిన పంక్తిలోని చివరిపదం తెగి, కిందిపంక్తిలో ఒంటరిగా పడుతుంది. ఒక్కపదాన్ని ఒక పంక్తిగా నిలిపి బరువు తేవడం వచనకవితలో అందరూ వాడే పద్ధతే. అందువల్ల నేడు దొరికే ప్రతులలో, ఒంటరిగా నిలిచిన పదం కవి నిలిపినదా, యంత్రం విదిల్చినదా అని తేల్చుకోకుండా ఆ కవిత మీద శైలీపరమైన వ్యాఖ్య చేయడం ప్రమాదకరం. తాళపత్రప్రతులను పరిష్కరించినవారు లేఖకదోషాన్ని కవిప్రయోగం నుంచి వేరుచేయడానికి ప్రత్యంతరాలను సరిచూసినట్టే, ఇక్కడా మొదటి ఉత్తరాన్నీ, దాన్ని ఉటంకించిన ప్రత్యుత్తరాలనూ సరిచూడవలసి ఉంటుంది. తేడా ఏమంటే, తాళపత్ర లేఖకుడు అలసి తప్పు చేస్తాడు. యంత్రం ఒకే తప్పును ఒకే చోట అలసట లేకుండా చేస్తుంది. కాబట్టి గుర్తుపట్టడం సులభం.

ఉటంకింపు కేవలం మర్యాద కాదు, అవసరం. యూజ్‌నెట్‌లో ఉత్తరం ఒక కేంద్రం నుంచి పక్క కేంద్రానికి, అక్కడినుంచి మరో కేంద్రానికి ఆగి ఆగి ప్రయాణిస్తుంది. దారులు వేరైతే, ప్రశ్నకంటె ముందు సమాధానం చేరడం అసాధారణం కాదు. దేనికి సమాధానమో చెప్పకపోతే పాఠకునికి అయోమయం. కాబట్టి మూలవాక్యం, దాని కింద ప్రతివాక్యం, మళ్లీ మూలవాక్యం – ఇలా పొరలు పొరలుగా సాగే రచనారూపం ఏర్పడింది. మల్లినాథసూరి వంటి వ్యాఖ్యాతల ప్రతిపదవ్యాఖ్యకు పైకి ఇది దగ్గరగా కనబడుతుంది. కాని వ్యాఖ్యాత మూలాన్ని మొత్తంగా స్వీకరిస్తాడు. ఏ పదాన్నీ వదలకపోవడం అతని నియమం. ఇక్కడ ప్రతివాది తనకు కావలసిన పంక్తినే ఉంచుకుంటాడు. తీగ ఖర్చు తగ్గించడానికి ‘అవసరం లేనిది కత్తిరించండి’ అన్న మర్యాద, వాదనలో ఇబ్బందిపెట్టే వాక్యాన్ని మాయంచేయడానికి నిర్దోషమైన సాకు అయింది. పొదుపు ఎక్కడ ముగిసి వక్రీకరణ ఎక్కడ మొదలవుతుందో చెప్పడం ప్రతి సందర్భంలోనూ పాఠకుని పనే.

ఇక్కడ మరో చిన్న విశేషం. ఉటంకింపుకు ముందు ‘ఫలానా తేదీన ఫలానావారు రాసినది’ అన్న పంక్తిని యంత్రమే ఇంగ్లీషులో చేరుస్తుంది. అందులో ‘గారు’ ఉండదు. వయసు, విద్వత్తు, స్థానం లెక్కచూసి సంబోధించే భాషలో ఈ ఒక్క పంక్తి అందరినీ ఒక వరుసలో నిలబెట్టింది. దాన్ని చెరిపి చేత్తో ‘గారు’ చేర్చడానికి పూనుకుంటే అదొక మర్యాద, చేర్చకపోతే అదొక వైఖరి.

నూరు పంక్తుల హద్దు వ్యాసరూపాన్నీ తాకింది. పంక్తికి 65 చొప్పున నూరు పంక్తులంటే 6,500 ఇంగ్లీషు అక్షరాలు. సమాసాలతో పొడవైన తెలుగు మాటలతో లెక్కిస్తే ఏడెనిమిది వందల మాటలకు మించదు. అంతకంటె దీర్ఘమైన విమర్శవ్యాసాన్ని భాగాలుగా పంపక తప్పదు. వారపత్రికలోని సీరియల్‌కూ దీనికీ భేదం ఉంది: రెండోభాగం వెలువడేలోపే మొదటిభాగం మీద దాడి మొదలవుతుంది, రచయిత రెండోభాగాన్ని దానికి జవాబుగా మార్చుకుంటాడు. ప్రతిపాదనగా మొదలైన వ్యాసం సమర్థనగా ముగుస్తుంది. ఆనాటి దీర్ఘవ్యాసాలను పుస్తకరూపంలో చదివేవారికి నడుమ కనిపించే స్వరభేదం రచయిత అస్థిరత కాకపోవచ్చు.

4. పిలవని ఉత్తరం

1994 ఏప్రిల్ 12న అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌కు చెందిన కాంటర్, సీగెల్ అనే న్యాయవాదదంపతులు అమెరికా గ్రీన్‌కార్డ్ లాటరీకి దరఖాస్తులు రాసిపెడతామంటూ ఒక ప్రకటనను 5,000కు పైగా యూజ్‌నెట్ బృందాలకు పంపారు. అయాచిత వాణిజ్యలేఖ ఇదే మొదటిది కాదు. 1978లోనే డిజిటల్ కంపెనీ విక్రయప్రతినిధి ఒకరు ఆర్పానెట్‌లో సుమారు 400 మందికి అలాంటిది పంపాడు. కాని వలసవచ్చినవారు తమ భాషలలో మాట్లాడుకునే చోట్లకు ఇంత మూకుమ్మడిగా చొరబడిన ఘట్టం ఇది. ఇందులో తెలుగు పాఠకుడు గమనించదగిన వ్యంగ్యం ఒకటుంది. ఆ లాటరీకి భారతదేశంలో పుట్టినవారు అర్హులు కారు. ఆ ప్రకటనే అనర్హ దేశాల జాబితాలో ఇండియాను పేర్కొంది. అంటే ఒక భారతీయ భాషా బృందంలో చాలామందికి అది పనికిరాని ప్రకటన అని పంపినవారికి తెలుసు. పంపడానికి ఖర్చు లేనప్పుడు ఎవరికి పనికివస్తుందో చూడవలసిన అవసరం లేదు. స్పామ్ ఆర్థికమంతా ఇందులోనే ఉంది: తపాలాబిళ్ల ఖర్చు ఉత్తరం అందుకున్నవాడిది.

పైగా వారు ఒకే ఉత్తరాన్ని అన్ని బృందాలకూ కలిపి పంపలేదు. అలా పంపితే చదువరి యంత్రం ఒకసారి చూపి, మిగిలిన ప్రతులను దాచేది. విడివిడిగా పంపినందువల్ల ప్రతి బృందంలోనూ అది కొత్త ఉత్తరంగానే ఎదురైంది. రెండు కిలోబైట్ల ఇలాంటి ఉత్తరాలు 50 వస్తే, పైన చెప్పిన 9,600 బిట్ల తీగమీద రెండు నిమిషాలకు దగ్గరపడే టెలిఫోను కాలం ఖర్చు. ఈ సంఘటన పట్ల పాఠకుల కోపం ఎంతటిదంటే, ఫిర్యాదు ఉత్తరాల తాకిడికి ఆ దంపతులకు సేవలందించిన సంస్థ యంత్రాలే కుప్పకూలాయి.

ఆ ప్రకటనలో కొన్ని వాక్యాలు పూర్తిగా ఇంగ్లీషు పెద్దక్షరాలలో ఉన్నాయి. పెద్దక్షరాలలో రాయడమంటే అరవడమని అంతర్జాల మర్యాద. ఆర్‌టీఎస్‌లో మాత్రం పెద్దక్షరం అరుపు కాదు, మూర్ధన్యం. ఒకే గుర్తుకు ఇలా రెండు అర్థాలు ఉండడం వల్ల తెలుగు ఉత్తరం తెలియనివారి కంటికి – యంత్రం కంటికి కూడా – విచిత్రంగా కనబడేది. ఈ విషయం వడపోత దగ్గర మళ్లీ వస్తుంది.

వార్తాబృందానికి తలుపు లేదు, ఎవరైనా రాయవచ్చు. ఈమెయిల్ చర్చాబృందానికి సభ్యుల పట్టిక ఉంటుంది. 1986లో ఎరిక్ థామస్ రాసిన ‘లిస్ట్‌సెర్వ్’ వంటి సాధనాలు ఈ పట్టికను యంత్రమే నిర్వహించేలా చేశాయి. స్పామ్ పెరిగేకొద్దీ సాహిత్యచర్చ తలుపులేని చోటినుంచి తలుపున్న చోటికి జరగడం అన్ని భాషల్లోనూ జరిగినదే. తెలుగు కూడా ఆ దారిలోనే నడిచింది. పట్టిక ఉన్నంతమాత్రాన స్పామ్ ఆగదు. స్పామ్ పంపేవాడూ సభ్యుడిగా చేరగలడు. అందుకే సభ్యులే రాయాలన్న నియమం తరువాత, కొత్త సభ్యుని తొలి ఉత్తరాలను నిర్వాహకుడు చదివి వదలాలన్న నియమం వచ్చింది. కొన్ని చోట్ల ప్రతి ఉత్తరమూ నిర్వాహకుని చేతిమీదుగానే వెళ్లేది. సంపాదకుడు లేని వేదికకు సంపాదకుడిని తిరిగి తీసుకొచ్చింది సాహిత్యవిలువల గురించిన ఆందోళన కంటె ముందుగా ఈ కాపలా అవసరమే.

ఈ కాపలాదారుకూ పత్రికాసంపాదకునికీ ముఖ్యమైన తేడా ఉంది. పత్రికాసంపాదకుడు తన అభిరుచిని ప్రకటిస్తాడు. అతని పేరు ముఖపత్రం మీద ఉంటుంది. తిరస్కరించిన రచనకు కారణం అడగవచ్చు. నిర్వాహకుడు తాను చెత్తను ఆపుతున్నానని మాత్రమే చెబుతాడు. కాని కొత్తవాని తొలి ఉత్తరాన్ని చదివినవాడు, అది మందుల ప్రకటన కాదని మాత్రమే చూసి కళ్లు మూసుకోగలడా? భాష, స్వరం, రాజకీయం అన్నీ కంటపడతాయి. ‘స్పామ్’ అనే మాట పరిధి ఇక్కడే పెరిగింది. యూజ్‌నెట్ నిర్వాహకులు స్పామ్‌ను నిర్వచించినప్పుడు విషయాన్ని కావాలనే పక్కన పెట్టారు. బ్రీడ్‌బార్ట్ సూచిక అనే కొలత ప్రకారం ఒక ఉత్తరం ఎన్ని ప్రతులుగా ఎన్ని బృందాలకు వెళ్లిందన్నదే లెక్క. 45 రోజులలో సూచిక 20 చేరితే దాన్ని రద్దుచేయవచ్చు. అది ప్రకటనా, ప్రార్థనా, పద్యమా అన్నది అప్రస్తుతం. ఇంత నిష్పాక్షికమైన పారిభాషికపదం వాడుకలోకి వచ్చేసరికి ‘నాకు అక్కరలేనిది’ అనే అర్థానికి జారింది. ఒకే కవితను నాలుగు చోట్ల పెట్టినా స్పామ్, వారానికొకసారి కులం గురించి అడిగినా స్పామ్. మొదటిది సంఖ్యకు సంబంధించిన అభ్యంతరం. రెండోది విషయానికి సంబంధించినది. రెండింటికీ ఒకే మాట వాడినప్పుడు రెండో అభ్యంతరం మొదటిదాని నిష్పాక్షికతను అరువు తెచ్చుకుంటుంది. అప్రియమైన ప్రశ్నను ‘చెత్త’ అని ఆపడం, ‘మేము ఈ ప్రశ్నను చర్చించం’ అని చెప్పి ఆపడం ఒకటి కాదు. రెండో పద్ధతిలో కనీసం ఒక వైఖరి నమోదవుతుంది.

నిర్వాహకుల పట్ల ఇది నేరారోపణ కాదు. జీతం లేకుండా, ఉద్యోగాల నడుమ రోజూ పదుల ఉత్తరాలు ఏరిన శ్రమ లేకపోతే ఆ చర్చలు ఏనాడో మునిగిపోయేవి. శ్రమను గౌరవిస్తూనే దాని ఫలితాన్ని విమర్శించవచ్చు.

5. యంత్రం చేసిన వడపోత

2002 ఆగస్టులో పాల్ గ్రాహం ప్రకటించిన ‘ఎ ప్లాన్ ఫర్ స్పామ్’ అనే వ్యాసం తరువాత, మాటల సంభావ్యతను లెక్కించే జల్లెడలు ప్రచారంలోకి వచ్చాయి. ఆ పద్ధతిలో ప్రతి మాటకూ అది స్పామ్‌లో కనిపించే సంభావ్యత ఒకటి ఉంటుంది. మునుపెన్నడూ చూడని మాటకు 0.4 కేటాయిస్తారు. ఉత్తరంలో తటస్థమైన 0.5 నుంచి అత్యంత దూరంగా ఉన్న 15 మాటలను ఎంచి, వాటిని కలిపి లెక్కిస్తారు. ఫలితం 0.9 దాటితే స్పామ్.

ఈ లెక్కలో ఆర్‌టీఎస్ ఉత్తరం పడితే ఏమవుతుంది? ఇంగ్లీషులో ‘హౌస్’ ఏ విభక్త్యర్థంలోనైనా ఒక్క మాటే. తెలుగులో ఇంటికి, ఇంట్లో, ఇంటినుంచి, ఇంటిదాకా, ఇంట్లోవాళ్లు – అన్నీ యంత్రానికి వేరువేరు మాటలు. దీర్ఘాన్ని రెండు రకాలుగా రాయగల వెసులుబాటు వల్ల ఒక్కో మాట మళ్లీ చీలుతుంది. కాబట్టి తెలుగు మాటల్లో అధికభాగం జల్లెడకు ఎప్పుడూ కొత్తవే, అవి 0.4 దగ్గరే నిలిచి, తటస్థానికి మరీ చేరువగా ఉన్నందువల్ల ఎంపికైన 15లో చేరడం కష్టం. ఉత్తరం భవిష్యత్తును నిర్ణయించేది అందులోని ఇంగ్లీషు మాటలు. ఆ ఇంగ్లీషు ఎక్కడిది? రచయితది కాకపోవచ్చు. 1996లో వచ్చిన హాట్‌మెయిల్ ప్రతి ఉత్తరం చివర తన ఉచిత సేవను చాటుకునేది. చర్చాబృందాలకు ఉచితంగా చోటిచ్చిన యాహూ గ్రూప్స్ కూడా ఉత్తరాల తోకకు ప్రకటనలు కట్టేది. నన్నయ శబ్దప్రయోగం గురించిన ఉత్తరమైనా, యంత్రం చదివేది దాని తోకనే.

ఎవరి ఉత్తరాలతో వారి జల్లెడకు తర్ఫీదు ఇచ్చుకుంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. గ్రాహం ఉద్దేశమూ అదే. ఒకే జల్లెడ వేలాదిమందికి కాపలా కాసే చోట తీరదు. అక్కడ తెలుగు ఉత్తరం తన గుణం వల్ల కాక తోక వల్ల చెత్తబుట్టలో పడే అవకాశం ఉంది. 2003 జనవరిలో రాసిన సవరణ వ్యాసంలో గ్రాహం పెద్దక్షరం, చిన్నక్షరం భేదాన్ని నిలిపి లెక్కించే పద్ధతి చెప్పాడు. అరుపులను పట్టుకోవడానికి ఉపకరించే ఆ మార్పు, తెలుగుకు ‘పాట’నూ ‘పాత’నూ వేరుచేసిపెట్టింది. ఉద్దేశించని మేలు.

చిరునామాల దొంగతనాన్ని ఆపే ప్రయత్నంలో ఉద్దేశించని కీడు జరిగే అవకాశమూ ఉంది. వెబ్‌లో భద్రపరిచిన పాత ఉత్తరాలనుంచి స్పామ్ పంపేవారు ఈమెయిల్ చిరునామాలు ఏరుకునేవారు. అందువల్ల యాహూ గ్రూప్స్ వంటివి వెబ్ ప్రతులలో చిరునామాను మధ్యలో కత్తిరించి, ఎట్ గుర్తు తరువాతి భాగం స్థానంలో చుక్కలు పెట్టేవి. ఆర్‌టీఎస్‌లో విసర్గకు వాడేది ఎట్ గుర్తు, దాని తరువాత ‘హెచ్’. అంతఃకరణ, ప్రాతఃకాలం, దుఃఖం – ఈ మాటలన్నీ ముతకగా పనిచేసే కత్తెరకు చిరునామాల్లాగే కనబడతాయి. అలాంటి ప్రతిలో ‘దుఃఖం’ స్థానంలో ‘దు’ తరువాత చుక్కలు మిగులుతాయి. చుక్కలను అర్ధోక్తిగా, భావనిగ్రహంగా చదివే అలవాటు ఆధునికకవితా పాఠకునికి ఉంది. పాఠపరిష్కర్త జాగ్రత్తపడవలసిన చోటు ఇదే.

6. మిగిలిన ప్రతులు, మిగలని ప్రతులు

రోజుకొక ఉత్తరంగా అన్నింటినీ కలిపి అందించే ‘డైజెస్ట్’ పద్ధతి నెమ్మది తీగ ఉన్నవారికి వరం. ఒక్కసారి ఫోను కలిపి దించుకుని, లైను తీసేసి తీరికగా చదువుకోవచ్చు. కాని డైజెస్ట్ నుంచి జవాబు రాస్తే శీర్షికలో చర్చాంశం బదులు డైజెస్ట్ సంఖ్య పడుతుంది; ఆ జవాబు ఏ చర్చకు చెందినదో దారం తెగిపోతుంది. తీగ నెమ్మదిగా ఉన్నది ఎక్కువగా భారతదేశంలోని సభ్యులకు. కాబట్టి శీర్షికలను పట్టుకుని చర్చలను సంకలనం చేసేవారి వలలోంచి ముందుగా జారిపోయేవి వారి జవాబులే. ఆనాటి చర్చలలో ప్రవాసుల గొంతే ఎక్కువ వినిపిస్తుందన్న అభిప్రాయం కొంతవరకు నిజం, కొంతవరకు ఇలాంటి సేకరణ దోషం. ఎంత ఏది అన్నది శీర్షికలను వదిలి, డైజెస్టులను పంక్తి పంక్తిగా విడదీస్తేగాని తేలదు.

ఆ పని చేయడానికి కావలసిన సామగ్రి తగ్గిపోతోంది. యాహూ 2019 అక్టోబరులో గ్రూప్స్‌లో కొత్త సామగ్రి చేర్చడాన్ని ఆపివేసింది. తరువాత నిల్వలను తొలగించి, 2020 డిసెంబరు 15న సేవనే మూసివేసింది. 1998లో ప్రారంభమైన ‘ఈమాట’ వంటి వెబ్‌పత్రికలలో సంపాదితరూపంలో వెలువడిన వ్యాసాలు చదవడానికి అందుబాటులో ఉన్నాయి. వాటికి ముందు, వెనుక, పక్కన జరిగిన అసంపాదిత సంభాషణ ఇక సభ్యుల సొంత డిస్కులలోనే ఉండాలి. ఆ డిస్కులలో డైజెస్టులు భద్రంగా ఉండే అవకాశం ఎక్కువ. విడి ఉత్తరాలు దాచుకోవడానికి హాట్‌మెయిల్ తొలినాళ్లలో ఇచ్చిన చోటు రెండు మెగాబైట్లు మాత్రమే.

ఈ డిస్కులను సేకరించేవారు మూడు సంగతులు అడిగి తెలుసుకోవలసి ఉంది. ప్రతి వెబ్ నుంచి దించుకున్నదా, ఈమెయిల్‌గా అందుకున్నదా. చిరునామాల కత్తిరింపు జరిగిందా. చెత్తబుట్టగా యంత్రం పక్కన పెట్టిన ఉత్తరాలను సభ్యుడు తుడిచివేశాడా, ఉంచాడా. నాలుగో సంగతి అడగవలసినది సభ్యుని కాదు, నిర్వాహకుని. వదలకుండా ఆపిన ఉత్తరాలు ఏ సభ్యుని డిస్కులోనూ ఉండవు. అవి నిర్వాహకుని పెట్టెలో కొన్నాళ్లు వేచి, గడువు తీరాక పోయి ఉంటాయి. మందుల ప్రకటనలతో పాటు ఏ కొత్త రచయిత తొలి ఉత్తరం పోయిందో, ఎన్ని పోయాయో ఏ పట్టికలోనూ నమోదు కాలేదు. ఆనాటి నిర్వాహకులలో చాలామంది ఇప్పుడు ఉద్యోగవిరమణ వయసులో ఉంటారు. అడగడానికి ఇంకా సమయం ఉంది.